ఖర్చు ఆసామిది.. ధర మరొకరిది

సిరిసిల్ల: మరమగ్గాలకు పేరొందిన సిరిసిల్లలో సాంచాలు నడిపే ఆసామి కార్మికునికి యజమాని, పెట్టుబడిదారుకు కూలివాడు. పెట్టుబడిదారు ఇచ్చిన నూలు బీములను సొంత సాంచాలపై నేయించి, బట్ట అప్పగించి, మీటరు లెక్కన కూలి పుచ్చుకుంటాడు. కార్మికుని కూలి, విద్యుత్తు బిల్లు, షెడ్డు అద్దె, విడిభాగాల ఖర్చు అన్నీ అందులోనుంచే చెల్లించాలి. ఖర్చులు పెరిగినా ధర నిర్ణయించే అధికారం అతనికి లేదు. విద్యుత్తు రాయితీ అతనికి ప్రాణప్రదం కావడానికి కారణమిదే.

2017లో ప్రారంభమైన బతుకమ్మ చీరల ఆర్డర్లు ఊరటనిచ్చాయి. 2024లో అవి నిలిచిపోగా పలు సాంచాలు మూగబోయాయి. 2025లో స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇచ్చే చీరల పని లభించింది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి కృత్రిమ నూలుపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అయితే ఈ ఊరట నేరుగా దక్కేది నూలు కొనేవారికే. మీటరు కూలి పెరిగితేనే ఆసామికి మేలు.

ఆసామి ముందున్న ప్రాధాన్యాలు రెండు: ఏడాది పొడవునా పని సంపాదించడం, నిపుణులైన కార్మికులను నిలుపుకోవడం. పనిలేక భీవండి, సూరత్‌లకు వలసపోయిన కార్మికుడు తిరిగిరాకుంటే, ఆర్డరు వచ్చినా సాంచా నడిపే చేయి దొరకదు.