యథాతథ ఒడంబడిక నుంచి కౌలుదారీ చట్టం దాకా: దేవరుప్పుల ప్రాంతం

కొత్తగా స్వతంత్రమైన దేశంలో కేంద్రం బలహీనమైతే జరిగేదేమిటన్నది సాధారణంగా రాజధానుల నుంచి చూసే ప్రశ్న. దానిని దేవరుప్పుల మండలంలోని కడవెండి నుంచి పరిశీలించవలసి ఉంది. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగేనాటికి ఆ గ్రామానికి రాజ్యమంటే విసునూరు దేశ్‌ముఖ్ గడీయే. 1947 నవంబరు 29 నాటి యథాతథ ఒడంబడిక సంస్థానపు అంతర్గత పాలనను నిజాం చేతిలోనే ఉంచింది; రజాకార్లను అదుపు చేయడానికి సైనిక చర్య తప్ప ఢిల్లీకి వేరు సాధనం మిగలలేదు. పల్లెలలో ఏర్పడిన ఆ శూన్యాన్ని గ్రామరాజ్య కమిటీలు పూరించాయి. వెట్టి రద్దు, తగవుల పరిష్కారం, భూమి పంపకం వాటి పనులయ్యాయి.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. ఐదు రోజులలో నిజాం లొంగిపోయాడు. అంతకుముందు పట్నాలకు పారిపోయిన దొరలు సైన్యం వెనుకనే ఊళ్లకు తిరిగివచ్చారు. 1949 నాటి జాగీర్ల రద్దు జాగీర్లకే పరిమితం. దివానీ గ్రామాలలోని దేశ్‌ముఖుల పట్టా భూములు దాని పరిధిలోకి రాలేదు. ఈ తేడా చిన్నది కాదు. కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం 1950లో గాని రాలేదు. సైన్యానికీ చట్టానికీ నడుమ గడిచిన ఆ కాలమే కేంద్రపు అసలు బలహీనత అని నా అభిప్రాయం. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించబడింది. ఆ వెంటనే జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో, జనగామ తాలూకా నాడు అంతర్భాగంగా ఉన్న నల్లగొండ జిల్లా నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు ఎన్నికయ్యారు.