గోదావరి పొలంలో కూతురి వాటా: షరీఅత్ ఏమంటుంది, చట్టం ఏమంటుంది?

తండ్రి చనిపోయాక కూతురికి వచ్చే వాటా అన్నదమ్ములు దయతలచి ఇచ్చేది కాదు. తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు వదిలి వెళ్లిన ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా అందులో మగవారికి ఉన్నట్టే ఆడవారికీ నిర్ణీత వాటా ఉందని ఖుర్ఆన్ సూరె నిసా 7వ ఆయత్ చెబుతుంది. 11, 12 ఆయత్‌లలో లెక్కలు కూడా ఉన్నాయి. అయినా గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లలో నగలు, సామాన్లు పంచేటప్పుడు గుర్తొచ్చే షరీఅత్, వరిచేను దగ్గరికో కొబ్బరితోట దగ్గరికో వచ్చేసరికి గుర్తురాదు. "పెళ్లికి ఖర్చు పెట్టాం కదా" అనే మాట ముందుకొస్తుంది. పెళ్లి ఖర్చుగానీ కట్నంగానీ విరాసత్‌లో వాటాకు బదులు కావు. అసలు కట్నానికి షరీఅత్‌లో చోటే లేదు.

వారసత్వ ఆయత్ వెనుక ఒక తల్లి ఫిర్యాదు ఉంది. ఉహుద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) షహీద్ అయ్యారు. ఆస్తి మొత్తం ఆయన సోదరుడు తీసుకున్నాడు. భార్య ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చి, చేతిలో ఏమీ లేకపోతే వీళ్ల పెళ్లిళ్లు ఎలా అవుతాయని అడిగారు. ఆ తర్వాతే ఆయత్ అవతరించిందనీ, కూతుళ్లకు మూడింట రెండు వంతులు, వాళ్ల తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి మిగిలింది నువ్వు తీసుకో అని ప్రవక్త (స) ఆ సోదరుణ్ణి ఆదేశించారనీ తిర్మిజీ, అబూ దావూద్ హదీసు గ్రంథాల్లో ఉంది.

ఇప్పుడు మన లెక్క. ఒకాయన 4 ఎకరాల 80 సెంట్లు వదిలి పోయాడు. తల్లిదండ్రులు ముందే పోయారు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 60 సెంట్లు. మిగిలిన 4 ఎకరాల 20 సెంట్లలో కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు: కొడుకుకు 2 ఎకరాల 80 సెంట్లు, కూతురికి 1 ఎకరం 40 సెంట్లు. అయితే పంపకానికి ముందు కఫన్-దఫన్ ఖర్చు, అప్పులు తీర్చాలి. భార్యకు ఇవ్వాల్సిన మెహర్ బాకీ ఉంటే అదీ అప్పే, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. వసీయత్ ఉంటే మూడో వంతు వరకే చెల్లుతుంది.

కొడుకుకు రెట్టింపు ఎందుకంటే, భార్యాపిల్లల పోషణ, మెహర్ అతని మీద ఉంటాయి, కూతురి డబ్బు మాత్రం ఆమెదే అని ఉలమా చెబుతారు. రెట్టింపు వాటా పుచ్చుకుని చెల్లెలి ఒక్క పాలు కూడా కలిపేసుకునేవారికి ఈ వాదన ఏ రకంగానూ పనికిరాదు.

"పొలానికి షరీఅత్ చట్టం వర్తించదట" అనే మాట ఒకటి తిరుగుతూ ఉంటుంది. అది పూర్తిగా గాలి మాట కాదు. 1937 షరీఅత్ చట్టం 2వ సెక్షన్ వ్యవసాయ భూమిని నిజంగానే పక్కన పెట్టింది, ఎందుకంటే 1935 రాజ్యాంగ చట్టం ప్రకారం భూమి రాష్ట్రాల పరిధిలోది. కానీ గోదావరి జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. మద్రాసు ప్రభుత్వం 1949లో 18వ నంబరు చట్టంతో ఆ మినహాయింపును తీసేసింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ సవరణ కూడా వెంట వచ్చింది. కాబట్టి కోనసీమ కొబ్బరితోటైనా, భీమవరం చేపల చెరువైనా కూతురి వాటా షరీఅత్ ప్రకారమే.

బతికుండగా తండ్రి తన ఆస్తిని హిబా చేయవచ్చు, స్వాధీనం కూడా ఇస్తే అది చెల్లుతుంది. ఒక్క కొడుక్కే రాసిచ్చే పద్ధతి మాత్రం మంచిది కాదు. నూమాన్ బిన్ బషీర్ (రజి)కి తండ్రి కానుక ఇచ్చి సాక్ష్యం అడిగితే, మిగతా పిల్లలకూ అలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) అడిగి, లేదన్నాక సాక్ష్యానికి ఒప్పుకోలేదు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది.

ఆడవాళ్ల చేతికి ఆస్తి వస్తే ఏమవుతుందో చరిత్రలో ఉంది. అజర్‌బైజాన్ కవయిత్రి ఖుర్షీద్‌బాను నాతవాన్ (1832–1897) కరాబాఖ్ చివరి ఖాన్ కూతురు, ఆయనకు ఏకైక వారసురాలు. నీళ్లకు కటకటలాడే షుషా పట్టణానికి సొంత ఖర్చుతో నీళ్లు తెప్పించింది. అక్కడి జనం ఇప్పటికీ ఆమెను 'ఖాన్ కూతురు' అనే తలుచుకుంటారు.

సంతకాల దగ్గర జాగ్రత్త అవసరం. తండ్రి బతికుండగా కూతురు "నాకు వాటా వద్దు" అని రాసిచ్చినా అది సాధారణంగా చెల్లదు, అప్పటికి ఆమెకు హక్కే పుట్టలేదు గనుక. బదులుగా డబ్బు తీసుకుని ఉంటే మాత్రం కోర్టులో చిక్కు. తండ్రి పోయాక హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెడితే అది నిజమైన సంతకమే, చదవకుండా పెట్టకూడదు. ఇక అడంగల్‌లో, పాసుపుస్తకంలో అన్న పేరు ఒక్కటే ఎక్కినంత మాత్రాన చెల్లి హక్కు పోదు. రెవెన్యూ రికార్డు హక్కును పుట్టించదని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. అన్న ఆమె వాటాను బాహాటంగా కాదన్న తర్వాత ఏళ్ల తరబడి ఊరుకుంటే మాత్రం పంపకాల దావా బలహీనపడుతుంది.