బౌరింగ్ పేట బంగారపేట ఎట్లయింది?

మన బంగారపేట స్టేషన్‌కు రైల్వే వాళ్ళు పెట్టుకున్న గుర్తు బి.డబ్ల్యు.టి. రిజర్వేషన్ చేయించుకున్న టికెట్ మీద చూస్తే కనిపిస్తుంది. బంగారపేట అనే పేరులో బి ఉంది, టి కూడా ఉంది. మధ్యలో ఈ డబ్ల్యు ఎక్కడ నుంచి వచ్చింది? ఆ ఒక్క అక్షరం వెంట పోతే ఇంగ్లండులో డెవన్ అనే ప్రాంతం దాకా పోవాల్సి వస్తుంది. అది బౌరింగ్ అనే ఇంటిపేరులోని డబ్ల్యు.

ఇంట్లో అడిగితే చెప్పేది వేరే. "బంగారు గనులకు పోయే దావలో ఉండాది, అందుకే బంగారపేట" అంటుంది మా అవ్వ. నమ్మబుద్ధి అయ్యే మాటే. బెంగళూరు నుంచి వచ్చే రైలు మెయిన్ లైన్ వదిలి మారికుప్పం వైపు తిరిగేది ఇక్కడే కదా. కానీ సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క కుదరదు.

లెవిన్ బెంథామ్ బౌరింగ్ 1862 నుంచి 1870 వరకు మైసూరు రాజ్యానికి కమిషనర్. అప్పుడు మహారాజు పేరుకే మహారాజు, పాలన అంతా బ్రిటిష్ వాళ్ళది. జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంట్‌కు రైలు పట్టాలు వేసి 1864లో బండి నడిపింది ఈయన కాలంలోనే. ఆ దారిలో వెలసిన పేటకు ఈయన పేరు పెట్టి బౌరింగ్ పేట అన్నారు. మరి గనుల సంగతి? మైకేల్ లావెల్ అనే ఐరిష్ సైనికుడికి కోలారులో బంగారం వెతకడానికి లైసెన్సు దొరికింది 1875లో. అప్పటికి బౌరింగ్ ఉద్యోగం వదిలి ఐదేళ్ళు. జాన్ టేలర్ కంపెనీ వచ్చి పని మొదలుపెట్టింది 1880లో. బౌరింగ్ పేట నుంచి మారికుప్పానికి రైలు వేసింది 1894లో. అంటే కంపెనీ గనులు వెనక, దొర పేరు ముందు.

ఇప్పుడు ఆ పేరు సంగతి చూద్దాం. ఇంగ్లండులో ఇంటిపేర్లు మనలాగే రకరకాలుగా పుట్టాయి. స్మిత్ అంటే కమ్మరి, అది వృత్తి నుంచి వచ్చింది. రాబర్ట్‌సన్ అంటే రాబర్ట్ కొడుకు, అది తండ్రి పేరు. మనకు ఊరి పేర్లే ఎక్కువగా ఇంటిపేర్లు అయినట్టు వాళ్ళకూ ఊరి పేర్ల నుంచి బోలెడు వచ్చాయి. స్మిత్‌లు లక్షల్లో ఉంటారు. బౌరింగ్‌లు అలా కాదు, చాలా తక్కువ. ఇంగ్లండు నైరుతి మూల డెవన్, దాని చుట్టుపక్కల వాళ్ళు. బోవర్ అనే ఇంకో ఇంటిపేరు ఉంది, అది పాత ఇంగ్లీషులో చిన్న ఇల్లు, గది అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. బౌరింగ్ కూడా దాని చుట్టమే అని చెప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ వినడానికి ఒకేలా ఉన్నంత మాత్రాన రెండూ ఒక తల్లి పిల్లలు అనుకోకూడదు. ఈ మాట బంగారపేట వాళ్ళకు ఇంకొకరు చెప్పాలా?

తక్కువమందే అయినా ఈ ఇంటిపేరు చాలా దూరాలు తిరిగింది. డెవన్‌లోని ఎక్సెటర్‌లో గడియారాలు బాగుచేసే బెంజమిన్ బౌరింగ్ 1811లో న్యూఫౌండ్‌లాండ్ చేరి వ్యాపారం పెట్టాడు. ఇప్పుడు కెనడాలో ఉన్న ఆ సెయింట్ జాన్స్ నగరంలో బౌరింగ్ పార్కు ఉంది. అదే ఎక్సెటర్‌లో ఉన్ని బట్టల వ్యాపారం చేసే ఇంట్లో 1792లో జాన్ బౌరింగ్ పుట్టాడు. ఈయన చాలా భాషలు నేర్చినవాడు, తత్వవేత్త జెరెమీ బెంథామ్‌కు ఆప్తుడు. అందుకే కొడుక్కి లెవిన్ బెంథామ్ అని పేరు. ఆ కొడుకే మన కమిషనర్. తండ్రి 1854 నుంచి 1859 వరకు హాంకాంగ్ గవర్నర్. 1855లో సయాం దేశంతో ఈయన చేసుకున్న వ్యాపార ఒప్పందాన్ని ఇప్పటికీ బౌరింగ్ ఒప్పందం అనే అంటారు.

నాకు అన్నిటికంటే బాగా నచ్చింది హాంకాంగ్ సంగతి. అక్కడ తండ్రి పేరుతో బౌరింగ్‌టన్ అని ఒక పేట, ఒక కాలువ వెలిశాయి. చైనా జనం ఆ పేరు పట్టించుకోలేదు. కాలువ వంకర చూసి ఆ చోటును 'బాతు మెడ' అన్నారు! ఆ పేరు ఈనాటికీ వాడుకలో ఉంది. తండ్రి పేరుకు అక్కడ బాతు మెడ దక్కితే కొడుకు పేరుకు ఇక్కడ బంగారం దక్కింది. తేడా ఏమంటే, వాళ్ళు దొర పేరు పక్కన పెట్టి కొత్తది పెట్టుకున్నారు. మనవాళ్ళు దొర పేరునే నోట్లో వేసుకుని నమిలి తమ మాట చేసుకున్నారు. బౌరింగ్, బంగారు. తెలుగులో బంగారు, కన్నడంలో బంగార. రెండు భాషలవాళ్ళకూ నోటికి తేలిగ్గా తగిలింది. తమిళం మాట్లాడే మిత్రులు బంగారాన్ని తంగం అంటారు, కేజీఎఫ్‌ను కోలార్ తంగవయల్ అంటారు. అయినా ఈ ఊరిని తంగపేట చేయలేదు.

పేరు ఇలా మారాలంటే శబ్దం ఒక్కటే చాలదు అని నా అభిప్రాయం. దానికి బెంగళూరులోనే సాక్ష్యం ఉంది. బౌరింగ్‌కు ముందు కమిషనర్‌గా ఉన్న మార్క్ కబ్బన్ పేరుతో అక్కడ కబ్బన్‌పేట ఉంది. కన్నడంలో కబ్బిణ అంటే ఇనుము. శబ్దం చూస్తే బౌరింగ్‌కు బంగారం కంటే కబ్బన్‌కు కబ్బిణమే దగ్గర. అయినా కబ్బన్‌పేట కబ్బిణపేట కాలేదు, ఎందుకంటే దాని పక్కన ఇనుప గని లేదు. ఇక్కడ శబ్దానికి తోడు పది మైళ్ళ దూరంలో నిజంగా బంగారం ఉంది. తెల్లవారితే రైళ్ళలో మనుషులు అక్కడికే పోతున్నారు. ఇక జనం నోట బౌరింగ్ ఎన్నాళ్ళు నిలుస్తాడు? కేజీఎఫ్‌లోనే ఉన్న రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట మాత్రం అలాగే ఉండిపోయాయి. వాటి శబ్దానికి దగ్గరగా మన మాట ఏదీ దొరకలేదు మరి.

ఇంగ్లీషువాళ్ళూ తక్కువ తినలేదు. మన ఉరిగాం వాళ్ళ కాగితాల్లో ఊర్గౌమ్ అయింది. నందిదుర్గం నండిడ్రూగ్ అయి ఒక గనికి పేరైంది. వాళ్ళ తప్పు స్పెల్లింగులు కంపెనీ రికార్డుల్లో అచ్చుపడి నిలిచిపోయాయి. మనవాళ్ళు మార్చిన పేరు మాత్రం ఏ ఆఫీసూ పెట్టకుండానే మొదట నోళ్ళల్లో బతికింది, ఆఫీసు బోర్డుల మీదికి తర్వాత ఎక్కింది.

దీన్ని తమాషాగా మాత్రమే చూడలేకపోతున్నాను. కేజీఎఫ్‌లో పేటలకు దొరల పేర్లు, గని దిగే షాఫ్టులకూ గిఫర్డ్, ఎడ్గర్ అని దొరల పేర్లు. మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతుకు దిగి రాయి కొట్టినవాళ్ళు, ఆ రాళ్ళు పేలితే కింద చిక్కుకుని చనిపోయినవాళ్ళు ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, మన జిల్లా పల్లెల వాళ్ళు. వాళ్ళలో ఒక్కరి పేరుతోనైనా అక్కడ పేట వెలసిందని నేను వినలేదు. 1930లో కంపెనీలు వాళ్ళ వేలిముద్రలు తీసుకోబోతే వేలమంది పని ఆపి సమ్మె చేశారు. మాకు పేర్లు లేవా, మేమేమైనా దొంగలమా అని వాళ్ళకు కోపం వచ్చి ఉంటుందని నేను అనుకుంటాను. అలాంటి మనుషులు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు, వాళ్ళకు కూరగాయలు అమ్మిన పల్లెలవాళ్ళు కలిసి ఒక దొర పేరు తుడిచి, తాము తవ్విన వస్తువు పేరు అక్కడ రాశారు. ఎవరూ మీటింగ్ పెట్టి తీర్మానం చేయలేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అయినా ఊరి పేరులో బంగారం పోలేదు. దొర అసలు ఇంటిపేరు కావాలంటే బెంగళూరు శివాజీనగర్‌కు పోవాలి. అక్కడి పెద్దాసుపత్రి బోర్డు మీద బౌరింగ్ అని సరిగ్గానే రాసి ఉంటుంది. మా ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం దాన్ని బోరింగ్ ఆస్పత్రి అంటారు. చిన్నప్పుడు నేను ఆ ఆస్పత్రి ముందర నీళ్ళు కొట్టుకునే బోరింగు ఒకటి ఉంటుందనే అనుకునేవాణ్ణి.