తీరిక పని అన్న పేరు

నరసాపురం లేసు చరిత్ర చెప్పేవాళ్లు పంతొమ్మిదో శతాబ్దపు క్రైస్తవ మిషనరీలతో మొదలుపెట్టి, 2024లో దక్కిన భౌగోళిక గుర్తింపుతో ముగిస్తారు. నడుమ కథంతా ‘తీరిక పని’ అన్న ఒక్క మాటలో దాగి ఉంది. మొదట సూది పట్టింది కొత్తగా మతం మారిన నిరుపేద ఇళ్ల ఆడవాళ్లు. తర్వాత గోషా పాటించే కాపు ఇళ్లకూ ఆ పని పాకింది. దారం ఇచ్చేదీ, అల్లికను విదేశాలకు పంపేదీ మాత్రం ఎక్కువగా మగ వ్యాపారులే. పువ్వులల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని మరొకరిది. బల్లగుడ్డ తయారయ్యేసరికి అది ఎవరి పనో చెప్పలేం. అది ఎంతకు అమ్ముడుపోతుందో అల్లినావిడకు తెలిసే దారీ లేదు.

జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఇక్కడ పరిశోధించి, 1982లో పుస్తకం వెలువరించింది. ఇంటి చాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా, చేతికొచ్చేది రూపాయికి లోపేనని అందులో తేల్చింది. పొలం కూలికి వెళ్లే దళిత స్త్రీలకు అంతకంటే ఎక్కువే దక్కేది. ఎనిమిది గంటల పనిని తీరిక అనడానికి ఎంత తెగువ కావాలి! గడప దాటనివ్వని ఇళ్లలో ఆ రూపాయైనా లేసు వల్లే వచ్చిందని వ్యాపారుల తరఫున వాదించవచ్చు. అది నిజమే, పరువు పోకుండా నాలుగు డబ్బులు కళ్లజూశామని ఆ స్త్రీలూ అనుకున్నారు. కానీ గోషా వల్ల లాభపడింది ఎవరు? షెడ్డు అద్దె, దీపం ఖర్చు, మేస్త్రీ జీతం వ్యాపారికి మిగిలాయి. కళ్ల మంట, మెడనొప్పి అల్లినావిడకు మిగిలాయి. ఒకరి ముంగిలి ఒకరికి కనబడదు కాబట్టి రేటు పెంచమని కలిసి అడిగే వీలూ లేకపోయింది. నైపుణ్యం తక్కువ కాబట్టి కూలి తక్కువ అనే వాదన అసలు నిలవదు, విదేశాల్లో అమ్ముడుపోయింది ఆ నైపుణ్యమే. గృహిణి అనగానే ఆమె ఆదాయం ‘అదనం’ అయిపోతుంది, అదనానికి బేరం ఉండదు. కూలి కోసిన కత్తెర ఆ పేరే.

భౌగోళిక గుర్తింపు సరుకు పేరును కాపాడుతుంది, అల్లేవారి కూలి రేటు దాని పరిధిలోకి రాదు. తమ ఇళ్లలోనే కూలికి పనిచేసేవారిని మిగతా కూలీలతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. భారతదేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.