సోమవారం ఆయాసం

పరుపులో దూది గడ్డకడితే ఏకేవాణ్ణి ఇంటికి పిలిపించుకున్న రోజులు మనలో చాలామందికి గుర్తే. వాకిట్లో వింటినారి టంగుమంటుంటే పిల్లలు చుట్టూ మూగేవారు, మనం గబగబా తలుపులు మూసుకునేవాళ్ళం. ఒక్క పరుపుకే ఇల్లంతా నూగు! మరి బేళ్ళకు బేళ్ళు విప్పే మిల్లులో పనివాళ్ళు ఏ తలుపు మూసుకోవాలి?

మట్టెవాడ వాళ్ళ నోట మిల్లు అన్న మాట వస్తే అది ఆజంజాహీ మిల్లే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, 1934లో వరంగల్లులో వెలిసింది. పెద్ద కొడుకు ఆజం జా పేరు పెట్టారు. తరువాత నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వచ్చి, 2002లో మూతపడింది. ఆ మిల్లు బట్ట గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. దూది ధూళి మాట ఎత్తేవాళ్ళే తక్కువ.

నూలుమిల్లులో దుమ్ము ఎక్కువగా లేచేది బేళ్ళు విప్పి దులిపేచోటా, దూది ఏకే కార్డింగు దగ్గరా. పత్తితో పాటు ఎండాకూ, గింజపొట్టూ, మట్టీ పొడై గాలిలో కలుస్తాయి. ఏళ్ళ తరబడి దాన్ని పీల్చినవారికి వచ్చే జబ్బు పేరు బిసినోసిస్. దాని తీరే విచిత్రం. ఆదివారం సెలవు తీసుకుని సోమవారం పనిలోకి దిగగానే రొమ్ము బిగబట్టేస్తుంది, ఆయాసం వస్తుంది. మొదట్లో మంగళవారానికి తేరుకుంటారు. పోనుపోను వారంలో అన్ని రోజులూ సోమవారాలే. నార ఏకేవారి దగ్గును ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1700లోనే తన పుస్తకంలోకి ఎక్కించాడు. 1950లలో ఇంగ్లండులో షిల్లింగ్ అనే డాక్టరు లాంకషైర్ మిల్లుల్లో ఈ సోమవారం లెక్కతోనే జబ్బును మెట్లుమెట్లుగా విడగొట్టాడు. మన ఈఎస్ఐ చట్టం జాబితాలోనూ ఇది వృత్తి వ్యాధిగానే ఎక్కింది.

అయితే వడపోత పెడితే సరి అంటారు. ఏ వడపోత? గాలిని సుడి తిప్పి దుమ్మును కిందికి రాల్చే సైక్లోను అమెరికాలో 1880ల నాటికే ఉంది. అది బరువైన రవ్వకు బాగుంటుంది, సన్న దుమ్ము దానికి లొంగదు. కరెంటుతో ధూళిని లాగే యంత్రం సిమెంటు ఫ్యాక్టరీకి సరే, పత్తి దగ్గర నిప్పురవ్వతో చెలగాటమా? అందుకని మిల్లుల్లో ముందు జాలీతో నూగును ఆపి, ఆ తరువాత గుడ్డ సంచుల్లోంచి గాలిని పోనిస్తారు.

ఈ సంచిని జల్లెడ అనుకోకండి సుమా! దాని కన్నాలు దుమ్ముకంటే పెద్దవే. కొత్త సంచి కొంత దుమ్మును వదిలేస్తుంది. లోపల పలచటి పొర కట్టాక ఆ పొరే మిగతాదాన్ని పడుతుంది. టీ వడకట్టేటప్పుడు ఆకు అడుగున చేరాక చుక్క తేరుకుని దిగడం చూడలేదూ? అలాగన్నమాట. శుభ్రం పేరిట సంచిని మరీ దులిపితే పనికే చేటు. మన ఇంటి శుభ్రాలకు ఇది మింగుడుపడదు కానీ, నిజం.

ఖర్చు మాట రానే వస్తుంది. అమెరికా 1978లో నూలు వడికేచోట ఘనపు మీటరు గాలికి 200 మైక్రోగ్రాముల ధూళి మించరాదంది. అంటే 3 మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదులు సుమారు 185 కలిపితే వాటన్నిటిలోనూ ఉండాల్సింది ఒక్క గ్రాము! ఇంత ఖర్చుకు తగ్గ లాభం చూపాలని మిల్లు యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. 1981లో కోర్టు ఆ తూకం అక్కర్లేదని, చేయగలిగినంతవరకు చేసి తీరాలని తేల్చింది.

మిల్లులో వడకట్టిన గాలిలో చాలాభాగం తిరిగి ఆ హాల్లోకే వస్తుంది. సంచి చిరిగితే దుమ్ము మళ్ళీ కార్డింగు దగ్గర నుంచున్నవాళ్ళ మీదికే. వరంగల్లు పక్కన కాకతీయ టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. ఆ దారిన ఉద్యోగానికి వెళ్ళే అమ్మాయి ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, వడపోత పెట్టె పక్కన ఉండే మీటరు చూడమనండి. సంచికి ముందూ వెనకా గాలి ఒత్తిడి తేడాను అది చూపిస్తుంది. తేడా బాగా పెరిగితే సంచి పూడిపోయినట్టు, ఉన్నట్టుండి పడిపోతే ఎక్కడో చిరిగినట్టు.