దిద్దుబాటు, సాంత్వనం, సర్దుబాటు: నమ్మకం చెడిన కాపురం గురించి మూడు మాటలు

1910 ఫిబ్రవరిలో ‘ఆంధ్రభారతి’ పత్రికలో గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ కథ అచ్చయింది. అదే ఏడాది బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించిన ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ మద్రాసులో వావిళ్ల వారి ప్రచురణగా వెలువడింది. మొదటిది చాలాకాలం తొలి ఆధునిక తెలుగు కథగా పేరుపొంది పాఠ్యపుస్తకాల్లోకి వెళ్లింది. రెండోదానికి మరుసటి ఏడాదే అశ్లీలమన్న ముద్ర పడింది, నిషేధమూ వచ్చింది. సాహిత్య చరిత్రలో వేర్వేరు అరల్లో సర్దిన ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివే అలవాటు మనకు లేదు. అయితే రెండింటిలోనూ ఉన్న చిక్కు ఒకటే. పురుషుడు మరో గుమ్మం తొక్కాడు, తిరిగొచ్చాడు. ఇప్పుడు ఈ బంధం ఏమవుతుంది?

శీర్షికలే రెండు వేర్వేరు జవాబులు. దిద్దుబాటు అంటే తప్పు చేసినవాడిని సరిచేయడం. సాంత్వనం అంటే గాయపడిన మనిషిని ఊరడించడం. ఈ రెంటికీ తోడు మన ఇళ్లలో, పెద్దమనుషుల పంచాయితీల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే మూడో మాట ఒకటుంది: సర్దుబాటు. “ఏదో జరిగిపోయింది, పిల్లల మొహం చూసి సర్దుకుపో అమ్మా” అన్న వాక్యం వినని తెలుగు కుటుంబం ఉంటుందనుకోను. ఈ మూడు మాటల్లోనూ పని ఉంది, అయితే ఆ పని ఎవరి నెత్తిన పడుతుందన్నది మాటమాటకూ మారుతుంది. నమ్మకద్రోహం తరువాత బంధం కోలుకుంటుందా అన్న ప్రశ్నకు జవాబు ఆ తేడాలోనే దొరుకుతుందని ఈ వ్యాసం చెప్పదలచింది. కాపురం నిలవడం వేరు, కోలుకోవడం వేరు. తప్పు చేసిన మనిషి పనిచేసినప్పుడు, గాయపడిన మనిషికి వెళ్లిపోయే దారి ఉండి కూడా ఉన్నప్పుడు మాత్రమే రెండోది జరుగుతుంది.

ముందు ‘దిద్దుబాటు’ చూద్దాం. గోపాలరావు సానివాళ్ల పాట విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు. చదువుకున్న భార్య కమలిని ఇంట్లో కనబడదు. ఉత్తరం ఉంటుంది: పుట్టింటికి వెళ్లిపోతున్నానని. అతని గుండె జారిపోతుంది. తన తప్పు తానే ఒప్పుకుంటాడు, ఇకపై ఆ గడప తొక్కనంటాడు, నౌకరు రాముడిని రాయబారిగా పంపబోతాడు. అప్పుడు మంచం కింద నుంచి గాజుల చప్పుడు, నవ్వు. కమలిని వెళ్లలేదు.

ఈ కథలో జరిగింది ద్రోహమేనా అని అడగవచ్చు. శరీర సంబంధం ఉందో లేదో గురజాడ చెప్పడు, పాటతోనే ఆపుతాడు. వీరేశలింగం తరం నడిపిన సానిమేళాల వ్యతిరేక ఉద్యమం నేపథ్యంలో ఆనాటి పాఠకుడికి ఆ ‘పాట’ అంటే ఏమిటో విడమరిచి చెప్పాల్సిన పని లేకపోవచ్చు. కాని నాకు ఆ మౌనం కథకు బలమనిపిస్తుంది. కమలినికి అయిన గాయం ఎవరి పక్కలోనో మొదలు కాలేదు. రాత్రి మీద రాత్రి ఖాళీగా ఉన్న ఇంట్లో మొదలైంది. నమ్మకద్రోహాన్ని పక్కకు కుదించి చూసే చట్టం కన్నా ఈ చిన్న కథకు చూపు ఎక్కువ.

అంతకన్నా ముఖ్యం, ఆమె అరవదు, ఏడవదు, మధ్యవర్తుల్ని పిలవదు. తాను లేని ఇంటిని అతనికి ఒక రాత్రి చూపిస్తుంది. అతను చేసినదాన్నే అతనికి అనుభవంలోకి తెస్తుంది. ఇది పనిచేయడానికి ఒక షరతుంది. కమలినికి ఉత్తరం రాయడం రావాలి, ఆ ఉత్తరాన్ని నమ్మించే పుట్టిల్లు ఉండాలి. చదువురాని, వెనక ఎవరూ లేని స్త్రీ మంచం కింద దాక్కుంటే ఎవరూ వెతకరు. స్త్రీ విద్య గురించిన కథగా దీన్ని చదివిన విమర్శకులు ఆ విద్య ఇక్కడ ఏం పనికొచ్చిందన్నది తగినంతగా చెప్పలేదు. అది ఆమెకు వెళ్లగలిగే మనిషన్న గుర్తింపు తెచ్చింది.

‘రాధికా సాంత్వనం’ చిక్కు మరీ లోతైనది. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని కాలంలో, పద్దెనిమిదో శతాబ్దం నడుమ, ముద్దుపళని నాలుగు ఆశ్వాసాలుగా రాసిన ఈ శృంగార ప్రబంధంలో ఇళాదేవిని పెంచినది రాధే. పెళ్లి చేసి కృష్ణుడికి అప్పగించిందీ రాధే. కాబట్టి ఇక్కడ దొంగచాటు లేదు. అయినా కృష్ణుడు ఇళతో మైమరచి రాధను మరిచిపోయాడు. రాధ కుమిలిపోయి చిలకను రాయబారం పంపింది. అతను దిగివచ్చాక ఆమె కోపం, అతని బతిమాలాట, చివరికి ఊరట.

అనుమతి ఇచ్చిన మనిషికి ఫిర్యాదు చేసే హక్కు ఉంటుందా? ఉంటుందన్నది ముద్దుపళని జవాబు. రాధ ఒప్పుకున్నది పెళ్లికి, తనను మరిచిపోవడానికి కాదు. ఒప్పందం మీరడమే ద్రోహమన్న ఈ సూక్ష్మాన్ని ఇవాళ్టి దాంపత్య సలహాదారులు తమ పరిభాషలో చెబుతుంటారు. రెండున్నర శతాబ్దాల కిందట ఒక తెలుగు కవయిత్రి దాన్ని ప్రబంధంగా అల్లింది. పైగా ఈ కావ్యంలో సాంత్వన పడాల్సినది రాధ, సాంత్వనపరచాల్సినవాడు కృష్ణుడు. పని ఎవరిదో శీర్షికలోనే తేలిపోయింది. వీరేశలింగం లాంటి పెద్దలు కావ్యంలోని శృంగారాన్ని నిందించారు. నాగరత్నమ్మ వారికి గట్టిగా బదులిచ్చింది. చివరకు టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న రోజుల్లో నిషేధం తొలగి, 1952లో వావిళ్ల వారే మళ్లీ అచ్చువేశారు. నలభై ఏళ్లు తెలుగు పాఠకుడికి అందకుండా పోయినది శృంగారం ఒక్కటే కాదు. కోపం తెచ్చుకునే హక్కున్న స్త్రీ, ఆ కోపం తీరేదాకా బతిమాలే పురుషుడు కూడా ఆ నిషేధం కింద మూలపడ్డారు.

ఈ రెండు రచనల వెనక ఇంకా పాత చట్రం ఒకటుంది. భరతుడి నుంచి వచ్చిన అష్టవిధ నాయికల్లో ఖండిత ఉంది: పరస్త్రీ గుర్తులతో తెల్లవారి వచ్చిన నాయకుణ్ణి చూసి మండిపడేది. కలహాంతరిత ఉంది: పోట్లాడి పంపేసి, తరువాత బాధపడేది. క్షేత్రయ్య పదాల్లో, కూచిపూడి అభినయంలో మనం తరతరాలుగా మెచ్చుకున్నది ఈ ఇద్దరినే. నాయకులనేమో అలంకారికులు నాలుగు తెగలు చేశారు: ఒక్కతెకే కట్టుబడిన అనుకూలుడు, అందరినీ సమంగా చూసే దక్షిణుడు, తియ్యగా మాట్లాడుతూ చాటుగా మోసగించే శఠుడు, దొరికిపోయినా సిగ్గుపడని ధృష్టుడు. స్త్రీని ఆమె గాయాన్ని బట్టి, పురుషుణ్ణి అతను గాయపరిచే తీరును బట్టి వర్గీకరించిన లెక్క ఇది. ఖండిత నాయకుడు లేడు. గాయపడ్డాక మళ్లీ నమ్మగలిగిన నాయికకు పేరు లేదు. కలహాంతరితకైతే పశ్చాత్తాపం కూడా ఉంది, అదీ కోప్పడ్డందుకు! సర్దుబాటు సంస్కృతికి వేరు ఇక్కడే తగులుతుంది. ద్రోహం చేసినవాడి పశ్చాత్తాపానికి శాస్త్రం ఒక గడి కేటాయించలేదు.

అయితే శఠుడు, ధృష్టుడు అన్న విభజన ఎంత పదునైనదో ఆధునిక పరిశోధన చూసినప్పుడు తెలుస్తుంది. అమెరికాలో లాస్ ఏంజెలెస్, సియాటిల్ నగరాల్లో ఆండ్రూ క్రిస్టెన్సెన్ బృందం తీవ్రమైన కలతలున్న 134 జంటలకు దాంపత్య చికిత్స చేసి, ఐదేళ్లపాటు వాళ్లను గమనించింది. వాళ్లలో ఒకరి నమ్మకద్రోహం ఉన్న జంటలు 19. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం, ద్రోహం ఊసే లేని జంటల్లో 23 శాతం ఐదేళ్లలో విడిపోయారు. ద్రోహం బయటపడి, చికిత్సలో దాని గురించి మాట్లాడుకున్న జంటల్లో 43 శాతం విడిపోయారు. ద్రోహాన్ని దాచిపెట్టిన జంటల్లో 80 శాతం విడిపోయారు. 19 జంటలన్నది చాలా చిన్న సంఖ్య. అందులోనూ వాళ్లు చికిత్సకు తమంతట తాము వచ్చినవాళ్లు, అమెరికావాళ్లు. దీన్ని తెలుగు కాపురాల మీద ముద్రలా వేయడం తప్పు. కానీ ఇంకో ఫలితాన్ని మాత్రం వదిలిపెట్టలేను: ద్రోహం బయటపడ్డాక కలిసి నిలిచిన జంటలు, ఐదేళ్ల తరువాత తమ దాంపత్యంతో ఎంత తృప్తిగా ఉన్నారన్న విషయంలో మిగతా జంటలకు తీసిపోలేదు. అంటే కోలుకోవడం అసాధ్యం కాదు. మరీ అరుదూ కాదు. దానికి అడ్డం పడేది ద్రోహం కన్నా దాన్ని కప్పిపుచ్చే శఠత్వం.

మరో అమెరికన్ బృందం, గార్డన్, బాకమ్, స్నైడర్, ఈ కోలుకోవడాన్ని మూడు దశలుగా వివరించింది. ముందు దెబ్బ. తరువాత ఇది ఎందుకు జరిగిందన్న వెతుకులాట. ఆపైన ముందుకు సాగడం. ద్రోహాన్ని వీళ్లు మానసిక గాయంగానే చూస్తారు: నిద్ర పట్టకపోవడం, ఆ దృశ్యాలే కళ్ల ముందు తిరగడం, అడిగిన ప్రశ్ననే వందసార్లు అడగడం. మన ఇళ్లలో “ఎన్నిసార్లు తవ్వుతావు ఆ సంగతి?” అని కసిరేది సరిగ్గా రెండో దశలో ఉన్న మనిషినే. ఆ ప్రశ్నకు ఓపికగా, అబద్ధం లేకుండా, నూటొక్కోసారి కూడా జవాబు చెప్పడమే సాంత్వనం. ఈ నమూనాలో నాకు నచ్చిన సంగతి మరొకటి ఉంది. మన్నించడం అంటే కలిసుండటమే అని వీళ్లు అనరు. మనసులోని మంట చల్లారాక విడిపోవాలని నిర్ణయించుకున్నా అది కోలుకోవడమే. పంచాయితీ పెద్దలకు ఈ మాట ససేమిరా ఎక్కదు. వాళ్ల లెక్కలో కాపురం నిలిస్తే గెలుపు, నిలవకపోతే ఓటమి.

చట్టం ఈ విషయంలో ఎక్కడ నిలబడింది? 1955 నాటి హిందూ వివాహ చట్టం మొదట్లో భాగస్వామి వ్యభిచారంలో ‘జీవిస్తూ’ ఉంటేనే విడాకులిచ్చేది. 1976 సవరణతో ఒక్క సంఘటనే చాలని మార్చారు. అదే చట్టం 23వ సెక్షన్ ప్రకారం, అర్జీ పెట్టిన మనిషి ఆ తప్పును ముందే మన్నించి ఉంటే విడాకులు దొరకవు. ఈ మన్నింపు అంటే ఏమిటో 1975లో దాస్తానే కేసులో సుప్రీంకోర్టు వివరించింది. అది క్రూరత్వానికి సంబంధించిన కేసే అయినా సూత్రం అన్ని దాంపత్య నేరాలకూ వర్తిస్తుంది. తప్పును క్షమించడంతో చాలదు, ఆ మనిషిని పూర్వపు స్థానంలో తిరిగి నిలపాలి. అంతేకాదు, ఆ మన్నింపు షరతుతో కూడినది. మళ్లీ తప్పు జరిగితే పాత తప్పు తిరిగి ప్రాణం పోసుకుంటుంది. న్యాయమూర్తులు రాసిన ఈ రెండు వాక్యాల సారంలో, కుటుంబ సలహాల పుస్తకాల్లో కన్నా ఎక్కువ మానవ జ్ఞానం ఉందని నా అభిప్రాయం. మన్నింపు పాత ఖాతాను చింపేయదు, మూసి ఉంచుతుంది.

కానీ వెళ్లే దారి ఇద్దరికీ సమంగా లేదు. భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్ భార్యను భర్త ఆస్తిగా చూసింది. భర్త ఒప్పుకుంటే నేరమే కాదంది, మోసపోయిన భార్యకు కేసు పెట్టే హక్కే ఇవ్వలేదు. 2018 సెప్టెంబర్ 27న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. భరణం విషయంలో మాత్రం పాత తేడా కొనసాగుతోంది. వ్యభిచారంలో జీవిస్తున్న భార్యకు భరణం రాదన్న నియమం పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్ నుంచి, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త స్మృతి (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144వ సెక్షన్‌లోకి అలాగే వచ్చింది. భర్త మరో స్త్రీని ఉంచుకుంటే భార్య అతనితో ఉండనని చెప్పి భరణం అడగవచ్చన్న వివరణ కూడా వచ్చింది. ఆ చిన్న వివరణ ఎంతమంది కమలినులకు తెలుసు? పుట్టింటివాళ్లు “మా పరువు తీయకు” అన్న రోజున ఆ సెక్షనే పుట్టిల్లు.

తప్పు స్త్రీ వైపు ఉన్నప్పుడు మన సాహిత్యానికి మాట పడిపోయింది. 1927 నాటి చలం ‘మైదానం’లో రాజేశ్వరి ప్లీడరు భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిపోతుంది. వెనక్కి దారి అన్న ప్రశ్నే చలం వేయడు, అది అతని తిరుగుబాటు. మిగతావాళ్లు వేయకపోవడం భయం. అహల్య కథలో శాపం తీరేది కూడా మూడో మనిషి పాదం వల్ల. గౌతముడు కూర్చుని ఎందుకిలా జరిగిందని ఆమెను అడిగిన ఘట్టం సంప్రదాయం రాసుకోలేదు. భార్య తప్పు చేసి తిరిగొచ్చిన ఇంట్లో భర్త వంద ప్రశ్నలు అడిగి, ఆమె వందసార్లు జవాబు చెప్పి, ఇద్దరూ నిలబడిన తెలుగు కథ ఏదని వెతికితే నా చేతికి ఏదీ తగలలేదు. జీవితంలో అలాంటి ఇళ్లున్నాయి. తలుపులు వేసుకుని ఉన్నాయి. ఆ మగవాళ్లు చేతగానివాళ్లన్న నిందను, ఆ ఆడవాళ్లు అంతకన్నా పెద్ద నిందను మోస్తూ, ఎవరికీ చెప్పకుండా కోలుకుంటున్నారు. వాళ్లకు ఒక దిద్దుబాటు గానీ ఒక సాంత్వనం గానీ రాసిపెట్టకపోవడం మన లోటే.

గురజాడ కథ నవ్వుతో ఆగిపోతుంది. ఆ నవ్వు గోపాలరావుకు పెద్ద ఊరట, పాఠకుడికీ ఊరటే. కానీ కమలిని మంచం కింద నుంచి బయటకు వచ్చి, చీర దులుపుకుని, ఆ ఉత్తరాన్ని ఏం చేసిందో రచయిత చెప్పలేదు. మరునాడు రాత్రి పది దాటాక వీధి తలుపు దగ్గర అడుగుల చప్పుడు కోసం ఆమె చెవి ఒగ్గిందా? గంట కొట్టేసరికి గోపాలరావు ఇంట్లోనే ఉన్నాడా? నెల తరువాత, ఏడాది తరువాత? ఆమె ఆ ఉత్తరాన్ని చింపేసిందనుకోను. మడిచి పెట్టె అడుగున దాచి ఉంటుంది.