స్మార్ట్ టీవీ షరతులు: ‘అగ్రీ’ నొక్కే ముందు

కొత్త టీవీ ఆన్ చేయగానే వచ్చే షరతులన్నిటికీ ‘అగ్రీ’ నొక్కాల్సిన పని లేదు. నేను ముందు వెతికేది ఏసీఆర్. తెర మీద ఏం నడుస్తోందో టీవీయే గుర్తుపట్టి కంపెనీకి చేరవేసే ఏర్పాటది. సెట్‌టాప్ బాక్స్‌లో అమ్మావాళ్లు చూసే తెలుగు సీరియల్ కూడా దానికి దొరుకుతుంది.

విజియో కంపెనీ 2014 నుంచి 1.1 కోట్ల టీవీల్లో, అడగకుండానే ఇలా సమాచారం సేకరించి అమ్ముకుందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, న్యూజెర్సీ రాష్ట్రం కేసు పెట్టాయి. 2017లో 22 లక్షల డాలర్లు కట్టి రాజీకొచ్చింది. ఆ సెట్టింగ్ పేరేమో ‘స్మార్ట్ ఇంటరాక్టివిటీ’. ఆ పేరు చూస్తే ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి!

శాంసంగ్‌లో ‘వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్’, ఎల్‌జీలో ‘లైవ్ ప్లస్’, రోకులో ‘యూజ్ ఇన్ఫో ఫ్రమ్ టీవీ ఇన్‌పుట్స్’ అని ఉంటే ఆపేయండి. యూట్యూబ్, ఓటీటీలు మామూలుగానే వస్తాయి. ఆ యాప్‌లు సేకరించేది మాత్రం వేరే లెక్క, దీనితో ఆగదు.

ఇప్పటికే వెళ్లిపోయిన సమాచారం సంగతి మీరుండే చోటును బట్టి ఉంటుంది. కాలిఫోర్నియా వాళ్లు చెరిపేయమని అడిగితే కంపెనీ మామూలుగా 45 రోజుల్లో, బ్రిటన్‌లో అయితే నెలలో జవాబివ్వాలి. టీవీలో అప్‌డేట్ వచ్చినప్పుడల్లా నేను ఆ సెట్టింగ్ మళ్లీ ఒకసారి చూసుకుంటాను.